మా వైఫై పాస్‌వర్డ్ గేటుకు కట్టిన టు-లెట్ బోర్డు మీదే ఉంది. గొడవ లేకుండా ఎలా మార్చుకోవాలి?

వేదాయపాళెం ఇల్లాలు అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, వేదాయపాళెం. కింద మేముంటాం, పైన రెండు పోర్షన్లు అద్దెకిస్తాం. నేను రైసుమిల్లులో లెక్కలు రాస్తాను. పొద్దున తొమ్మిదిన్నరకు పోతే మళ్లీ ఇంటికొచ్చేసరికి ఆరున్నర అవుతుంది. మా ఆయన ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల మీద ఉంటారు, రెండు మూడు రోజులకోసారి ఇంటికొస్తారు.

ఇంట్లో మా అత్తమ్మ ఉంది. పోయినేడు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి. పగలు చూసుకునేదానికి ఒకామె వస్తుంది. అయినా మనసు ఊరుకోక మంచానికి ఎదురుగా చిన్న కెమెరా పెట్టించాం. మిల్లులో కూర్చుని గంటకోసారి ఫోన్లో చూసుకుంటాను, అన్నం తిన్నదా, ఒంటరిగా మంచం దిగాలని చూస్తోందా అని. ముందే ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే నా భయమంతా ఆ కెమెరా గురించే.

నెట్ 2021లో పెట్టించాం, మా అమ్మాయి ఆన్‌లైన్ క్లాసుల కోసం. బిగించేదానికి వచ్చిన అబ్బాయి "పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారు మేడం" అని అడిగితే, గుర్తుంటుందని మా ఆయన ఫోన్ నెంబరు చెప్పాను. అప్పట్నుంచీ అదే. రెండు నెలల కిందట పై పోర్షన్ ఒకటి ఖాళీ అయింది. గేటుకు టు-లెట్ బోర్డు కట్టాం. దాని మీద ఎర్ర పెయింటుతో, వీధి చివర నుంచి కూడా చదవగలిగేంత అంకెల్లో, అదే నెంబరు. ఈ రెండూ ఒకటే అని నాకు మొన్నటి దాకా తట్టలేదు.

ఈ నెలలో సాయంత్రం అయితే కెమెరా బొమ్మ ఆగి ఆగి వస్తోంది. మా అమ్మాయి రౌటర్ యాప్ తెరిచి చూపించింది. కనెక్ట్ అయినవి 17. లెక్క అలవాటు కాబట్టి కాగితం మీద రాసుకున్నాను. మా ముగ్గురి ఫోన్లు, అమ్మాయి లాప్‌టాప్, టీవీ, కెమెరా, మావి ఆరు. పైన ఉండే టీచరు గారి వాళ్లకు నేనే ఇచ్చాను, వాళ్లవి నాలుగు. మిగిలిన ఏడు ఎవరివో తెలియదు. పేర్లు చూస్తే అర్థం లేని అక్షరాలు, అంకెలు.

మా ఎదురుగా కానుగచెట్టు కింద బండ్ల మీద ముగ్గురు పిల్లలు రోజూ సాయంత్రం ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు. వాళ్లేనేమో అని నా అనుమానం. అత్తమ్మ పడిపోయిన రోజు పరుగెత్తి ఆటో పిలుచుకొచ్చింది ఆ ముగ్గురిలో ఒకడే. అందుకే గేటు దగ్గర నిలబడి కేకలేసేదానికి నాకు మనసొప్పడం లేదు.

నా వైఫైలో ఉన్నవాళ్లు అత్తమ్మ కెమెరా చూడగలరా? ఫోన్‌పేలో మా డబ్బుకు ఏమన్నా ప్రమాదమా? పాస్‌వర్డ్ మారిస్తే ఇవన్నీ మళ్లీ కలుపుకోవాలి కదా, ఏది ముందు చేయాలి? ఇంకో మాట, రౌటర్ మెట్ల కింద గూట్లో ఉంది, పైకీ కిందికీ అందాలని అక్కడ పెట్టించాం.


ఒంగోలు ఫైబర్ లైన్ పని:

అమ్మా నమస్తే. నేను పదకొండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, మొదట కేబుల్, ఇప్పుడు ఫైబర్. మంగమూరు రోడ్డు, లాయర్‌పేట వైపు తిరుగుతుంటాను.

ముందు ఒక్కటి చెప్తాను, దయచేసి గుర్తుపెట్టుకోండి. రౌటర్ వెనక గుండుసూది పట్టేంత బొక్క ఉంటుంది, పక్కన రీసెట్ అని ఉంటుంది. వీడియోల్లో చూసి దాన్ని మాత్రం నొక్కొద్దు. అది నొక్కితే వైఫై పాస్‌వర్డ్ ఒక్కటే పోదు. మీ కనెక్షన్‌కు ఆపరేటర్ ఎక్కించిన యూజర్ ఐడీ, లైన్ సెట్టింగులు కూడా చాలా బాక్సుల్లో చెరిగిపోతాయి. ఇక నెట్టే ఉండదు. మేం వచ్చి మళ్లీ ఎక్కించాలి. శనివారం రాత్రి నొక్కి సోమవారం దాకా నెట్ లేకుండా కూర్చున్న ఇళ్లు నాకు చాలా తెలుసు. మీకు ఆ కెమెరా ఆగకూడదు కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

రెండోది ఆ గూడు. బాక్సు తిప్పి అడుగున చూడండి, తెల్ల స్టిక్కరు ఉంటుంది. వైఫైకి కంపెనీ పెట్టిన పేరు, పాస్‌వర్డ్, లోపలి పేజీ తెరిచే అడ్రసు, చాలా వాటికి ఆ పేజీ యూజర్ పేరు, పాస్‌వర్డ్ కూడా దాని మీదే అచ్చేసి ఉంటాయి. మెట్లెక్కేవాళ్లు ఎవరైనా తిప్పి ఒక్క ఫొటో తీసుకుంటే సరిపోతుంది. దాన్ని ఇంట్లోకి మార్పించండి. మీరే లాగొద్దు, ఫైబర్ తీగ లోపలిది గాజు, మూలలో మడత పడితే లోపల విరుగుతుంది, ఎర్ర లైటు వెలుగుతుంది. ఆపరేటర్ మనిషిని పిలిస్తే తీగ పొడిగించి ఇస్తాడు.

ఇక మార్చేది. మీ ఫోన్ అదే వైఫైలో ఉండగా బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొట్టండి. కొన్నిటికి 192.168.0.1 ఉంటుంది, స్టిక్కరు మీద ఏది ఉంటే అది. రౌటర్ సెట్టింగులు మార్చే అడ్మిన్ పేజీ వస్తుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇంట్లో రెండు పాస్‌వర్డ్‌లు ఉంటాయి. వైఫై పాస్‌వర్డ్ వీధి గేటు తాళం లాంటిది, అడ్మిన్ పాస్‌వర్డ్ బీరువా తాళం లాంటిది. మీరు గేటు తాళం మార్చి బీరువా తెరిచే పెడితే, లోపలికి ఒకసారి వచ్చినవాడు మీ కొత్త తాళం కూడా అక్కడే చూసుకుంటాడు. అందుకని ముందు అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, తర్వాత వైఫైది. ఆపరేటర్ ఆ పేజీకి తాళం వేసి ఉంటే ఫోన్ చేసి అడగండి, మీ ఇంటి కనెక్షన్ అది, మీకు చెప్పాలి.

మా పని గురించి కూడా ఒక మాట చెప్పాలి. రోజుకు ఆరేడు ఇళ్లు బిగించాలి, మెట్ల మీద నిలబడి "ఏం పెట్టమంటారు" అని అడుగుతాం, వాళ్లు ఫోన్ నెంబరు చెప్తారు, మేం కొట్టేసి పోతాం. రెండు నిమిషాలు ఆగి "వద్దమ్మా, వేరేది చెప్పండి" అనాల్సింది మేమే. నేను ఈ మధ్య అంటున్నాను.


ఆత్మకూరు రైతు:

మా ఇంట్లో వైఫై పేరు కనపడకుండా దాచేశాను. ఎవరి ఫోన్‌లోనూ మా పేరు రాదు. ఇంకా మ్యాక్ ఫిల్టర్ అని ఒకటుంది, ప్రతి ఫోన్‌కూ ఉండే మ్యాక్ అనే గుర్తింపు నెంబరు చూసి మన ఫోన్లను మాత్రమే రానిస్తుంది. ఈ రెండూ చేస్తే పాస్‌వర్డ్ మార్చే పనే లేదు మేడం.


కావలి, ఇప్పుడు బెంగళూరులో:

అక్కా, మాది కావలి. నేను నెట్‌వర్క్ పనే చేస్తాను. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు డబ్బు సంగతి. దానికి టెన్షన్ పడొద్దు. ఫోన్‌పే గానీ బ్యాంకు యాప్ గానీ మీ ఫోన్ నుంచి వాళ్ల సర్వర్ దాకా మాటంతా తాళం వేసే పంపుతాయి. ఒకే వైఫైలో ఉన్నంత మాత్రాన పక్కవాడు మీ పిన్ చదవలేడు. డబ్బు పోయేది ఎక్కువగా ఎవరో ఫోన్ చేసి మాయమాటలు చెప్పి ఓటీపీ అడిగితేనో, ఏదో యాప్ ఎక్కించమంటేనో. ఎప్పుడన్నా అలా జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

కెమెరా అలా కాదు. మీ భయం సరైన చోటే ఉంది. చాలా కెమెరాలు ఇంటి వైఫైలో ఉన్నవాళ్లు అడిగితే బొమ్మ చూపిస్తాయి, పాస్‌వర్డ్ ఒక్కటే అడ్డు. కొన్నప్పుడు ఉన్న పాస్‌వర్డ్ అలాగే ఉంటే ఆ అడ్డు కూడా లేనట్టే. 2016లో మిరాయ్ అనే వైరస్ లోకమంతా కెమెరాలను, రౌటర్లను లక్షల్లో పట్టుకుంది. అది వాడిన ఉపాయం ఇదే, కంపెనీలు పెట్టి అమ్మే యూజర్ పేరు, పాస్‌వర్డ్ జతలు అరవై చిల్లర దగ్గర పెట్టుకుని వరసగా వేసి చూసింది. కాబట్టి వైఫై సంగతి తర్వాత, ఈ రాత్రే కెమెరా యాప్ తెరిచి దాని పాస్‌వర్డ్ మార్చండి. ఇది చదవడం ఆపి మార్చి రండి, అంత ముఖ్యం.

ఇప్పుడు ఫోన్ నెంబరు. బోర్డు లేకపోయినా అది తాళం కాదు. ఎందుకో లెక్కేసి చూపిస్తాను, మీరు లెక్కల మనిషి. మీ ఫోన్ రౌటర్‌కు కనెక్ట్ అయ్యేటప్పుడు రెండూ గాలిలో నాలుగు చిన్న సందేశాలు మార్చుకుంటాయి. పాస్‌వర్డ్ వాటిలో నేరుగా ఉండదు, కానీ దాంతో చేసిన ముద్ర ఉంటుంది. వీధిలో నిలబడి ఎవరైనా ఆ సందేశాలు పట్టుకుని ఇంటికి పోవచ్చు. ఇంట్లో కూర్చుని ఒక్కో పాస్‌వర్డ్ వేసి ముద్ర సరిపోతుందా అని చూసుకోవచ్చు. మీ రౌటర్‌కు ఇది తెలియనే తెలియదు. మన దేశంలో సెల్ నెంబర్లు 6, 7, 8, 9లతో మొదలవుతాయి, తర్వాత తొమ్మిది అంకెలు. మొత్తం 400 కోట్లు. చూసేదానికి పెద్ద సంఖ్యే. కానీ ఇప్పటి మంచి గ్రాఫిక్స్ కార్డు సెకనుకు పది లక్షలు వేసి చూస్తుంది. అంటే 4,000 సెకన్లు. గంటా ఏడు నిమిషాలు. మీరు మిల్లు నుంచి ఇంటికొచ్చి వంట చేసేలోపు.

అదే, సంబంధం లేని మాటలు కలిపితే చూడండి. రోజూ వాడే రెండు వేల తెలుగు మాటలు ఉన్నాయనుకుందాం, వాటిలోంచి కళ్లు మూసుకుని నాలుగు తీస్తే 16 లక్షల కోట్ల రకాలు. అదే కార్డుకు ఆరు నెలలు. ఐదు తీస్తే వెయ్యేళ్లు దాటుతుంది. ఒక్క మాట పెంచితే ఆరు నెలలు వెయ్యేళ్లయ్యాయి. ఉదాహరణకు చింతచిగురు, నిచ్చెన, గొడుగు, పెన్నా, ఇస్త్రీ. ఇవే పెట్టొద్దు, ఇక్కడ అందరూ చదువుతున్నారు. పాత వారపత్రిక ఏదన్నా తీసి, కళ్లు మూసుకుని పేజీ తిప్పి, వేలు పడ్డ మాట తీసుకోండి. అమ్మాయి పేరు, పుట్టిన ఏడాది, కులదైవం పేరు వద్దు, తెలిసినవాళ్లు మొదట వేసి చూసేవి అవే. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి కాబట్టి స్పెల్లింగ్ మీరెలా రాశారో కాగితం మీద రాసి పెట్టుకోండి, లేకపోతే చింతచిగురులో ఎన్ని హెచ్‌లు పెట్టామో మనకే గుర్తుండదు. పాస్‌వర్డ్ 8 నుంచి 63 అక్షరాల దాకా పెట్టుకోవచ్చు.

ఆ పేజీలోనే సెక్యూరిటీ అని ఒక వరస కనిపిస్తుంది, డబ్ల్యూఈపీ, డబ్ల్యూపీఏ, డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 అని. ఇవి వైఫైకి తాళం వేసే పద్ధతులు. మొదటిది 1997 నాటిది, 2001లోనే దాన్ని ఎలా విప్పాలో పరిశోధకులు రాసేశారు. దాన్ని ఎంచుకోవద్దు, ఇప్పటికే అదే ఉంటే మార్చేయండి. 2004లో వచ్చిన డబ్ల్యూపీఏ2 ఇప్పటికీ పనికొస్తుంది, పాస్‌వర్డ్ గట్టిదైతే. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఇంకా మేలు. నేను పైన చెప్పిన, ముద్ర పట్టుకుపోయి ఇంట్లో కూర్చుని వేసి చూసే పని దాంతో సాగదు. ప్రతిసారీ మీ రౌటర్ ముందుకొచ్చే అడగాలి. కానీ పాత టీవీలు, చౌక కెమెరాలు దానికి కలవవు. మీ ఇంటికి రెండూ కలిసిన డబ్ల్యూపీఏ2-డబ్ల్యూపీఏ3 పెట్టండి. అలా పెట్టినప్పుడు పాత సామాను పాత పద్ధతిలోనే వస్తుంది, అందుకే ఐదు మాటల పాస్‌వర్డ్ ఎలాగూ కావాలి.

డబ్ల్యూపీఎస్ అని ఇంకొకటుంటుంది, దాన్ని ఆపేయండి. పాస్‌వర్డ్ కొట్టే పని లేకుండా ఎనిమిది అంకెల పిన్‌తో కలిపేదానికి పెట్టారు. చివరి అంకె మిగతా ఏడు సరిపోయాయా అని చూసుకునేదానికే. పైగా రౌటర్ ఆ పిన్‌ను రెండు ముక్కలుగా సరిచూస్తుంది, మొదటి నాలుగు తప్పైతే తప్పని అక్కడే చెప్పేస్తుంది. అంటే మొదటి సగానికి 10,000, రెండో సగానికి 1,000, మొత్తం 11,000 సార్లు వేస్తే చాలు. 2011 చివర్లో ఈ సంగతి బయటపడింది. ఐదు మాటలతో వెయ్యేళ్ల తాళం వేసి పక్కన ఈ కిటికీ తెరిచిపెట్టుకోకూడదు. అసలు పిన్ కూడా అక్కర్లేదు, మెట్ల కింద ఉన్న బాక్సుకు ఆ బటన్ నొక్కితే రెండు నిమిషాల పాటు ఎవరినైనా కలుపుకుంటుంది. ఒంగోలు అన్న లోపలికి మార్చమన్నది అందుకు కూడా మంచిదే.

ఆత్మకూరు అన్నా, మీరు మంచికే చెప్పారు, కానీ ఆ రెండూ తాళాలు కావు. పేరు దాచినా, మన ఫోన్ కనెక్ట్ అయ్యేటప్పుడు ఆ పేరును గాలిలోకి చెప్పాల్సిందే, వినే సాఫ్ట్‌వేర్ ఉన్నవాడికి వినిపిస్తుంది. పైగా మన ఫోన్ ఊళ్లో ఎక్కడికి పోయినా ఆ పేరు పెట్టి పిలుచుకుంటూ తిరుగుతుంది. మ్యాక్ నెంబరు కూడా గాలిలో తెరిచే పోతుంది, చూసి కాపీ కొట్టుకోవచ్చు. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో ఉత్తుత్తి మ్యాక్ నెంబరు చెప్తున్నాయి, ఆ ఫిల్టర్‌తో మన ఇంట్లోవాళ్లే బయట ఆగిపోతారు.

అక్కా, ఈ మ్యాక్ సంగతి మీ లెక్కకు కూడా పనికొస్తుంది. చాలా రౌటర్లు వైఫైని 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు రేడియో బ్యాండ్లలో ఇస్తాయి. మీ రౌటర్‌లో 2.4కు, 5కు రెండు పేర్లు ఉంటే, ఒకే ఫోన్ రెండు పేర్లకూ కలిసినప్పుడు రెండు నెంబర్లతో కనిపిస్తుంది. కొన్ని యాప్‌లు వెళ్లిపోయినవాటిని కూడా లిస్టులో చాలాసేపు ఉంచుతాయి. కాబట్టి ఆ ఏడింటిలో ఒకటి రెండు మీవే కావొచ్చు. చెట్టు కింద పిల్లల మీద నింద వేసే ముందు ఇది మనసులో పెట్టుకోండి.


మాగుంట లేఔట్, రిటైర్డ్:

అమ్మాయ్, టెక్నికల్ సంగతులు వీళ్లు చక్కగా చెప్పారు. నేను ఒక్కటే కలుపుతాను. 2008 జూలైలో అహ్మదాబాద్‌లో పేలుళ్లు జరిగే కొద్ది నిమిషాల ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిల్ ఎక్కడ నుంచి వెళ్లిందని పోలీసులు వెతికితే, నవీ ముంబైలో ఒకాయన ఇంటి వైఫై దగ్గర తేలింది. ఆయనకేమీ తెలియదు. అయినా పోలీసులు ముందు ఆయన తలుపే తట్టారు, కంప్యూటర్ తీసుకెళ్లారు. బయటికి పోయేదంతా కనెక్షన్ ఎవరి పేరున ఉంటే వాళ్ల పేరు మీదే కనపడుతుంది. ఆ చెట్టు కింద పిల్లలు మంచివాళ్లే కావొచ్చు, వాళ్ల నుంచి పాస్‌వర్డ్ ఎవరికి పోతుందో వాళ్లకూ తెలియదు. ఒక ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై షేర్ నొక్కితే క్యూఆర్ కోడ్ వస్తుంది, చాలా ఫోన్లలో దాని కింద పాస్‌వర్డ్ కూడా రాసే చూపిస్తుంది. ఒకరికిచ్చామంటే నలుగురికిచ్చినట్టే.


వేదాయపాళెం ఇల్లాలు:

అందరికీ చేతులెత్తి నమస్కారం. కావలి తమ్ముడు చెప్పినట్టు చదవడం ఆపి కెమెరా పాస్‌వర్డ్ చూశాను. పెట్టె మీద అచ్చేసి ఉన్నదే ఇన్నాళ్లూ ఉంది. ఏడాదిగా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అత్తమ్మకు ఒళ్లు తుడిచేది, చీర మార్చేది అన్నీ ఆ మంచం మీదే. ఇప్పుడు మార్చేశాను. ఇంకోటి కూడా మొదలుపెట్టాను, స్నానం చేయించే టైముకు ఆ ఆమె కెమెరాను గోడవైపు తిప్పుతుంది. అది మొదటి నుంచే చేయాల్సింది.

రెండు సందేహాలు. పైన టీచరు గారి వాళ్లకు నేను మాటిచ్చాను, వాళ్ల పిల్లవాడు ఇంటర్ చదువుతున్నాడు, ఇప్పుడు లేదనలేను. వాళ్లు ఉండాలి, కెమెరా వాళ్లకు అందకూడదు, ఎలా? ఇంకోటి, మా టీవీ 2016లో కొన్నది, కలుస్తుందా?


ఒంగోలు ఫైబర్ లైన్ పని:

టీవీ డబ్ల్యూపీఏ2తో కలుస్తుందమ్మా, తమ్ముడు చెప్పిన కలిపిన సెట్టింగు పెడితే చాలు. కెమెరా కొత్త పాస్‌వర్డ్‌కు కలపేటప్పుడు మీ ఫోన్ 2.4లో ఉండాలి, చాలా కెమెరాలకు 5 కనపడదు, అక్కడే జనం గంటలు పోగొట్టుకుంటారు.

పైవాళ్లకు గెస్ట్ నెట్‌వర్క్ పెట్టండి. అదే పేజీలో ఉంటుంది. దానికి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్. వచ్చినవాళ్లను వసారాలో కూర్చోబెట్టి మంచినీళ్లిస్తాం కదా, పడకగదిలోకి రానివ్వం. అదే ఇది. నెట్ వస్తుంది, మీ టీవీ, కెమెరా, లాప్‌టాప్ కనపడవు. కానీ పెట్టి ఊరుకోవద్దు. కొన్ని బాక్సుల్లో గెస్ట్ అని పేరు మాత్రం వేరే ఉంటుంది, లోపల గోడ ఉండదు. మీ ఫోన్‌ను గెస్ట్‌కు కలిపి 192.168.1.1 కొట్టి చూడండి. అడ్మిన్ పేజీ తెరుచుకోకూడదు. తెరుచుకుందంటే ఐసోలేషన్ అనే సెట్టింగు వెతికి ఆన్ చేయండి, లేకపోతే మీ ఆపరేటర్‌తో మాట్లాడండి. ఇంకా, బయటి నుంచి నెట్ ద్వారా రౌటర్ సెట్టింగులు మార్చనిచ్చే రిమోట్ మేనేజ్‌మెంట్ అని కనిపిస్తే అది ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. సొంత రౌటర్ అయితే అప్‌డేట్ నొక్కండి, 2017లో డబ్ల్యూపీఏ2లోనే ఒక లోపం బయటపడితే అప్‌డేట్లతోనే సరిచేశారు. ఫోన్లకు కూడా అంతే.


వేదాయపాళెం ఇల్లాలు:

ఆదివారం అంతా దీని మీదే కూర్చున్నాం. ఎలా జరిగిందో రాస్తాను, నాలాంటి వాళ్లకు పనికొస్తుంది.

ఆపరేటర్ మనిషి శనివారమే వచ్చి బాక్సును హాల్లోకి మార్చాడు. గూట్లోంచి తీసినప్పుడు అడుగున స్టిక్కరు చూశాను, ఒంగోలు అన్న చెప్పినవన్నీ దాని మీద ఉన్నాయి. అడ్మిన్ పాస్‌వర్డ్ ముందు మార్చాం. తర్వాత మా అమ్మాయి పాత వారపత్రిక తెచ్చి కళ్లు మూసుకుని ఐదు మాటలు తీసింది. ఐదో మాటకు వేలు అడ్వర్టైజ్‌మెంట్ మీద పడితే మళ్లీ తిప్పించాను. స్పెల్లింగ్‌తో సహా గ్యాస్ పుస్తకం చివరి పేజీలో రాశాను, బీరువాలో ఉంటుంది.

టీవీకి రిమోట్‌తో ముప్పై అక్షరాలు కొట్టడం కష్టమే, మూడుసార్లు తప్పు పడింది. కెమెరా నిజంగానే 5లో ఉన్న ఫోన్‌తో కలవలేదు, 2.4కు మారగానే కలిసింది. మొత్తం నలభై నిమిషాలు అత్తమ్మ కెమెరా లేకుండా ఉంది, మేమంతా ఇంట్లోనే ఉన్నాం కాబట్టి ఆదివారం పెట్టుకున్నాం. గెస్ట్‌కు కలిపి అడ్మిన్ పేజీ కొట్టి చూస్తే మొదట తెరుచుకుంది. ఐసోలేషన్ ఆన్ చేశాక తెరుచుకోలేదు. అది చూసుకోమని చెప్పినందుకు ఒంగోలు అన్నకు మరీ మరీ కృతజ్ఞతలు, చెప్పకపోతే నేను నమ్మి ఊరుకునేదాన్ని.

రాత్రి లిస్టు చూస్తే మా వైపు ఆరు, గెస్ట్‌లో నాలుగు. పాతలో ఏడున్న తెలియనివాటిలో రెండు మావేనని తేలింది, అమ్మాయి ఫోన్ ఒకటి, ఆయన ఫోన్ ఒకటి రెండేసి పేర్లతో ఉన్నాయి. మిగతా ఐదు ఎవరివో ఇక తెలియదు.

సోమవారం సాయంత్రం ఆ ఆటో పిలుచుకొచ్చిన అబ్బాయి గేటు దగ్గరకొచ్చి, తల దించుకుని, "ఆంటీ, నెట్ మీదే వాడుకున్నాం, బోర్డు మీద నెంబరు వేసి చూస్తే కలిసింది, తప్పైపోయింది" అన్నాడు. కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్నాడంట, క్లాసుల వీడియోలు చూసేవాడంట. మాగుంట లేఔట్ పెద్దాయన మాట నాకు గుర్తుంది, ఆలోచించాను. గెస్ట్ పాస్‌వర్డ్ అతని ఫోన్‌లో నేనే కొట్టాను. మా వసారాలో కూర్చుని చదువుకోమన్నాను, చెట్టు కింద వద్దన్నాను. ఎవరికీ చూపించొద్దని చెప్పాను, ప్రతి నెలా ఒకటో తేదీ మారుస్తానని కూడా చెప్పాను. ఈ నిర్ణయం మీలో కొందరికి నచ్చకపోవచ్చు. బాధ్యత నాదే అని తెలిసే ఇచ్చాను.

టు-లెట్ బోర్డు అలాగే ఉంది, నిన్న ఇద్దరు ఇల్లు చూసేదానికి వచ్చారు. ఇప్పుడు మిల్లులో భోజనాల టైము. ఫోన్లో అత్తమ్మ కనిపిస్తోంది, కుడిచేత్తో పెరుగన్నం కలుపుకుంటోంది. బొమ్మ ఆగకుండా వస్తోంది.